తేటనీటిలో దాగిన జ్వరము

నీరు తేటగా నున్నచో అది మంచినీరే యని సాధారణముగా నమ్ముదుము. ఈ నమ్మకము ఎంత ప్రమాదకరమో 1903లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ పట్టణము తెలిసికొన్నది.

న్యూయార్కు రాష్ట్రములోని ఇథాకా పట్టణమున ఒక కొండపై కార్నెల్ విశ్వవిద్యాలయము కలదు. ఆనాడు పట్టణ జనాభా సుమారు 13,000. విశ్వవిద్యాలయ ఆవరణకు ఫాల్ క్రీక్ అను వాగు నీరు వచ్చుచుండెను. కాని విద్యార్థులలో అనేకులు కొండ దిగువన, పట్టణములోని అద్దె గదులలో వసించుచుండిరి. అచ్చట ఒక ప్రైవేటు కంపెనీ, ముఖ్యముగా సిక్స్‌మైల్ క్రీక్ అను మరియొక వాగునుండి, వడపోయని నీటిని సరఫరా చేయుచుండెను. ఆ వాగు గట్లపై మరుగుదొడ్లు ఉండెను. 1902లో దానిపై ఆనకట్ట పనికూడ ఆరంభమైనది.

1903 జనవరిలో టైఫాయిడ్ జ్వరము బయలుదేరినది. కొద్ది నెలలలో సుమారు 1,350 మంది, అనగా పదిమందిలో ఒకరు, జబ్బుపడిరి. 82 మంది మరణించిరి. వారిలో 29 మంది కార్నెల్ విద్యార్థులు. వందలాది విద్యార్థులు చదువు విడిచి ఇండ్లకు వెడలిపోయిరి.

ముందుగా ఏల కనిపెట్టలేకపోయిరి? టైఫాయిడ్ సూక్ష్మజీవి కంటికి కనబడదు. నీటికి రంగుగాని రుచిగాని తేదు. అది శరీరములో ప్రవేశించిన పిదప జ్వరము కనబడుటకు సాధారణముగా ఒకటి మొదలు మూడు వారములు పట్టును. కనుక మొదటి రోగి మంచమెక్కునాటికే మరెందరో ఆ నీటిని త్రాగియుందురు.

నివారణోపాయము అప్పటికే తెలిసియుండెను. ఎబర్త్ 1880లో ఈ సూక్ష్మజీవిని గుర్తించెను. 1893లో మసాచుసెట్స్ రాష్ట్రపు లారెన్స్ నగరములో నదీజలమును ఇసుక పొరలద్వారా వడపోయగా, అచ్చట టైఫాయిడ్ మరణములు బాగుగా తగ్గెను. ఇథాకాలో లోపించినది శాస్త్రజ్ఞానము కాదు; దానిని సకాలమున ఆచరణలో పెట్టుట.

నీటిని కాచి త్రాగుడని చెప్పుట సులభమే. కాని భోజనశాలలో తన ముందుంచిన గ్లాసులోని నీరు కాచినదో కాదో విద్యార్థి ఎట్లు తెలిసికొనగలడు? అందుచేత ఇతరుల మాటపై ఆధారపడని రక్షణ అవసరమైనది. రాష్ట్ర ఆరోగ్యశాఖ పక్షమున జార్జి సోపర్ అను ఇంజనీరు వచ్చి, బావులను, మరుగుదొడ్లను శుద్ధి చేయించెను. కార్నెల్ ధర్మకర్తలలో ఒకరైన ఆండ్రూ కార్నెగీ, జబ్బుపడిన విద్యార్థుల వైద్యమునకును, విశ్వవిద్యాలయమునకు వడపోత యంత్రాగారమును నిర్మించుటకును ధనమిచ్చెను. పట్టణపు నీటికికూడ 1903లోనే వడపోత ఏర్పడినది.

నేడు క్లోరిన్ ఉన్నది, పరీక్షాసాధనములును ఉన్నవి. అయినను ఇథాకా నేర్పిన పాఠము మారలేదు. పాఠశాలలో గాని, కళాశాలలో గాని కుళాయి ప్రక్కన "మంచినీరు" అని వ్రాసినంత మాత్రమున నమ్మకము కలుగరాదు. ఆ నీటిని ఎప్పుడు పరీక్షించిరి, ఫలితమేమి అని విద్యార్థి అడుగవలెను. అధికారులు దాచక చెప్పవలెను. అట్టి నీటినే నిర్భయముగా త్రాగవచ్చును.