ఎలక్ట్రానిక్ సిటీ: భూతాపమునకు నగరమును, వాహనమును చెప్పిన సమాధానములు

బెంగుళూరునుండి హోసూరునకు పోవు రాజమార్గముపై, నగరమధ్యమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, ఎలక్ట్రానిక్ సిటీ యను పారిశ్రామికవాడ కలదు. నేడు చూచువారికి అచ్చట అద్దపు మేడలు, ఎత్తైన వంతెన, మెట్రోరైలు దారి కనబడును. ఏబది యేండ్లక్రిందట అచ్చట కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు అను పల్లెలును వాని చేలును మాత్రమే యుండెను. చుట్టుపట్ల నున్న ఊళ్ల పేళ్లు పరిశీలింపదగినవి: బొమ్మసంద్ర, వీరసంద్ర, సింగసంద్ర. ఈ 'సంద్ర' సముద్రశబ్దమునుండి పుట్టినది. మన సంద్రమును అదియే. పెద్ద చెరువును సముద్రమనుట రాయలసీమవారికి క్రొత్తగాదు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రమే యిందుకు సాక్షి. మీది చెరువు నిండి క్రింది చెరువునకు పొర్లునట్లు గొలుసుగా కట్టిన చెరువులు పైరునకు నీరిచ్చుటయే గాక వేసవిగాలిని చల్లబరచుచుండెను. ఈ నేలకు పూర్వులు చేసిన రూపకల్పన యిదియే. ఆనేకల్లు, హోసూరు ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నున్నవి గనుకను, నేడు ఆ మేడలలో పనిచేయువారిలో తెలుగువారు మెండుగా నున్నారు గనుకను, ఈ వాడ చరిత్ర తెలుగువారికి పరాయి చరిత్ర గాదు.

కర్ణాటక ప్రభుత్వము 1976లో ఎలక్ట్రానిక్ పరిశ్రమాభివృద్ధికై కియోనిక్స్ అను సంస్థను స్థాపించెను. దానికి తొలి అధ్యక్షులైన ఆర్. కె. బాళిగా గారు బెంగుళూరును భారతదేశపు సిలికాన్ లోయగా చేయవలెనని సంకల్పించి, 1978లో ఈ పల్లెల భూమిలో 332 ఎకరములలో ఎలక్ట్రానిక్ సిటీని ఏర్పరచిరి. ఆనాటికి అది దూరదృష్టియే. బాళిగాగారిని విమర్శించుట నేటివారికి సులభము, ఆనాటి వారికి అట్టి ఊహయే రాలేదు. అయినను చరిత్రకారుడు ఒక్కమాట చెప్పక తప్పదు. పేరునకు అది నగరము, నిజమునకు పనివాడ మాత్రమే. పని ఇచ్చట, ఇల్లు అచ్చట. నడుమ నొక రహదారి. 1991 తరువాత ఆర్థికవిధానము మారి, 1994లో ఇన్ఫోసిస్ సంస్థ తన ప్రధానకార్యాలయమును ఇచ్చటికి మార్చినపిమ్మట పనివారు వేలనుండి లక్షలైరి. దారి మాత్రము ఆ హోసూరు దారియే.

ఈ కాలగతిని కొలుచుటకు వేరొక కొలబద్ద కలదు. బొగ్గుపులుసు వాయువు పెరిగినచో భూగోళము వేడెక్కునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్కగట్టెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై ఆ వాయువును నిత్యము కొలుచుట ప్రారంభించునాటికి గాలిలో పదిలక్షలపాళ్లకు 315 పాళ్లు ఉండెను. ఎలక్ట్రానిక్ సిటీ పుట్టిన యేట అది సుమారు 335. ఆ వాడకు ఎత్తువంతెన వచ్చిన 2010లో దాదాపు 390. 2024లో 424 దాటెను. ఒక్క బెంగుళూరు వాడ దీనికి కారణము గాదు. కాని లోకమందలి ఇట్టి వాడలన్నియు కలిసి కారణము. బెంగుళూరు సంగతి యింకను విశేషము. 1973లో ఆ నగరభూమిలో కట్టడములు ఆక్రమించినది నూటికి సుమారు 8 పాళ్లు. అది నాలుగున్నర దశాబ్దములలో నాలుగింట మూడువంతులు దాటినదని భారతీయ విజ్ఞానసంస్థ పరిశోధకులు ఉపగ్రహచిత్రములనుబట్టి తేల్చిరి. సంద్రములు పోయినవి, పేళ్లు మిగిలినవి.

దారిని గూర్చి మొదట చేసిన ఆలోచన దారిపై మరియొక దారి వేయుట. సిల్క్‌బోర్డు కూడలినుండి ఎలక్ట్రానిక్ సిటీవరకు దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తువంతెన 2010 జనవరిలో తెరువబడెను. సుంకము చెల్లించి పైదారిన పోవువారికి కాలము కలిసివచ్చెను. కాని వాహనములు గాలిలో మాయము గావు గదా! వంతెన దిగినచోట, అనగా సిల్క్‌బోర్డు కూడలివద్ద, అవి మరల గుమిగూడెను. ఆ కూడలి పేరు బెంగుళూరువారి నోట పరిహాసమునకు మాఱుపేరైనది. వంతెన దూరమును తగ్గింపలేదు. దూరమును ఓర్చుకొనుట నేర్పినది.

ఇంతకంటె తొమ్మిదేండ్లు ముందుగానే అదే దారిప్రక్కన వేరొక ఆలోచన రూపుదాల్చినది. ఎలక్ట్రానిక్ సిటీకి కొలది కిలోమీటర్ల అవతల బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో చేతన్ మైనీ అను యువ ఇంజనీరు 'రేవా' అను విద్యుత్కారును నిర్మించెను. మైనీ కుటుంబమువారు ఒక అమెరికా సంస్థతో కలిసి 1994లో కంపెనీ పెట్టిరి. 2001లో కారు బెంగుళూరు వీధులలోనికి వచ్చెను. అది రెండు తలుపుల బుల్లికారు. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు పట్టుదురు. పై కవచము ఉక్కు గాదు, ప్లాస్టిక్కు. సీసపు బ్యాటరీలు 8; ఇంటి ప్లగ్గునకు తగిలించి నింపినచో సుమారు 80 కిలోమీటర్లు పోవును. నగరములో ఒక మనిషి దినమునకు తిరుగు దూరమెంత, అందుకు వలసిన బరువెంత అని ప్రశ్నించుకొని, అంతకు మించనిది చేయుటయే దాని రూపకల్పనలోని కీలకము. పెట్రోలుకారును తీసి దానిలో బ్యాటరీ పెట్టుట గాదు.

అట్టి కారు పుట్టినచోట ఆదరణ తక్కువ, పరదేశమున ఎక్కువ. లండనులో 2003 ఫిబ్రవరినుండి నగరమధ్యమునకు వచ్చు కార్లపై రద్దీపన్ను విధించిరి. విద్యుద్వాహనములకు ఆనాడు ఆ పన్ను లేకుండెను. 2004నుండి రేవా అచ్చట 'జీ-విజ్' అను పేరున వీధులలో తిరుగసాగెను. బెంగుళూరులో అట్టి పన్నును లేదు, అద్దెయిండ్ల వారికి బ్యాటరీ నింపుకొను వసతియు లేదు. వస్తువు ఒక్కటే, కొనినవాని లెక్క వేరు. ఒక రూపకల్పన నెగ్గుటకు దానిచుట్టునున్న చట్టము, పన్ను, ఇంటిగోడకు బిగించిన ప్లగ్గు కూడ రూపకల్పనలోని భాగములే యని ఈ చిన్నకారు కథ ఋజువు చేయుచున్నది. 2010లో మహీంద్రా సంస్థ రేవాలో అధికభాగము కొనెను. 2012లో బొమ్మసంద్రలో క్రొత్త కర్మాగారము తెరచి మఱుసటి యేట క్రొత్త నమూనా విడుదల చేసెను.

చిన్నకారు చేయలేని పనిని పిదప ద్విచక్రవాహనము చేసినది. మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో స్థాపించిన ఏథర్ సంస్థ 2018లో తన విద్యుత్ స్కూటరును మొదట బెంగుళూరులోనే అమ్మెను. వీధులలో బ్యాటరీ నింపు తావులను కూడ తానే నెలకొల్పెను. దాని కర్మాగారము హోసూరులో నున్నది. ఆ దారినే యింకను ముందుకు పోయినచో కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లిలో ఓలా వారి స్కూటరు కర్మాగారము కలదు. (ఇది మన చీరల పోచంపల్లి గాదు, పేరు మాత్రము తెలుగువారిదే.) రేవా పుట్టిన రాజమార్గమే విద్యుద్వాహనముల వరుసకు దారియైనదనుట అతిశయోక్తి గాదు.

అయితే విద్యుద్వాహనము ఎంత నిర్మలమో అది త్రాగు విద్యుత్తు అంతయే నిర్మలము. ఈ విషయమున మైసూరు దేశమునకు మంచి పూర్వచరిత్ర కలదు. 1902లో శివసముద్రమువద్ద కావేరి జలపాతమునుండి తీసిన విద్యుత్తు కోలారు బంగారుగనులకు పోయెను. 1905లో అదే విద్యుత్తుతో బెంగుళూరు వీధిదీపములు వెలిగెను. బొగ్గుతో పనిలేకపోయెను. 1985లో రాయచూరు బొగ్గు విద్యుత్కేంద్రము వచ్చుటతో ఆ నిర్మలత్వము తగ్గినది. మరల దిద్దుబాటు తుముకూరు జిల్లా పావగడలో జరిగినది. చుట్టును ఆంధ్రభూమి గల, తెలుగు విరివిగా వినబడు ఆ కరవుతాలూకాలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2019 నాటికి పూర్తియైనది. అచ్చట రైతులనుండి భూమిని కొనలేదు, కౌలునకు తీసికొనిరి. వానచుక్క పడని యేడును రైతునకు కౌలుసొమ్ము వచ్చును. ఎండను పంటగా మార్చుటకంటె భూమిని రైతుపేరనే ఉంచుట ఈ ఏర్పాటులోని గొప్ప ఊహ యని చెప్పవలెను.

ఇక గోడలలోపలి సంగతి. కార్యాలయములలో విద్యుత్తును అన్నిటికంటె మిక్కుటముగా మ్రింగునది చల్లదనము. ఇన్ఫోసిస్ వారు ఈ విషయమున చేసిన పరీక్ష లోకమునకు పాఠమైనది; అది జరిగినది తెలుగునాటనే. హైదరాబాదు చెంతనున్న పోచారము ఆవరణలో 2011 ప్రాంతమున ఒక పెద్ద భవనము కట్టి, దానిని సరిగా రెండు సగములుగా విభజించిరి. ఒక సగములో వాడుకలోనున్న పద్ధతిని చల్లగాలి ఊదు యంత్రములు. రెండవ సగములో కప్పులోని కాంక్రీటునందే గొట్టములు పరచి వానిలో చల్లని నీరు ప్రవహింపజేసిరి. కిటికీలు, ఎండకు అడ్డుపలకలు, పనివారి సంఖ్య రెండువైపుల సమానము. నీరు తన ఘనపరిమాణమునకు గాలికంటె మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. కనుక అదే వేడిని బయటికి పంపుటకు నీటిని తోడుటకు పట్టు శక్తి గాలిని ఊదుటకు పట్టుదానిలో కొలదిపాలు. కప్పు చల్లగా నున్నచో మనిషి ఒంటివేడి నేరుగా కప్పునకు పోవును. రాతిమండపములో కూర్చున్నవారు ఎరిగిన హాయి యిదియే. తేమ చెమటవలె కప్పునకు పట్టకుండుటకు లోనికి వచ్చు గాలిని ముందే ఆరబెట్టుదురు. రెండేండ్లు కొలిచిచూడగా నీటిసగము గాలిసగముకంటె చల్లదనమునకు మూడింట ఒకవంతునకు పైగా విద్యుత్తు తక్కువ వాడెను. కట్టుబడి ఖర్చును ఎక్కువ కాలేదు. ఎవరి పక్షము వారు వాదించుకొను విషయమును ఒకే కప్పుక్రింద తూచి చూపిన యీ పద్ధతి ప్రశంసనీయము.

ఎలక్ట్రానిక్ సిటీలోని పాతభవనములలోను చల్లదనపు యంత్రములను మార్చి మంచి ఫలితము రాబట్టిరి. 2008నుండి 2020వరకు ఒక్కొక్క ఉద్యోగికి అయ్యెడు విద్యుత్తు సగమునకు పైగా తగ్గినదనియు, 2020లో తమ బొగ్గుపులుసు లెక్క సున్నకు వచ్చినదనియు ఆ సంస్థ ప్రకటించెను. ఆ లెక్కలో ఉద్యోగుల రాకపోకల పొగయు చేరియున్నది. దానికి బదులుగా పల్లెలలో గోబరుగ్యాసును, మేలిరకపు పొయ్యిలను ఇచ్చిరి. భూగోళమునకు ఈ సర్దుబాటు సరిపోవును. పల్లెటూరి యిల్లాలి కండ్లకును మేలే. సిల్క్‌బోర్డు కూడలిలో నిలిచియున్నవాని ఊపిరితిత్తులకు మాత్రము ఆ లెక్క అందదు.

ఇంత ఖర్చులేని ఉపాయములును గలవు. రాయలసీమలో చవుడుమిద్దెల క్రింద వేసవి గడిపినవారికి కప్పు మందము విలువ తెలియును. తెల్లసున్నము ఎండను త్రిప్పికొట్టుట తెలియనివారు లేరు. ఈ పాతజ్ఞానమునే తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లకప్పుల విధానముగా ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచు లక్ష్యము పెట్టెను. దేశములో ఒక రాష్ట్రము ఇట్టి విధానము చేయుట విశేషము. అదే యేటి అక్టోబరులో హైదరాబాదు బాహ్యవలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుదారి తెరచి, దానిపై సౌరపలకల కప్పు వేసిరి. నీడయు, 16 మెగావాట్ల విద్యుత్తును ఒక్కసారి లభించును. ఊహ చక్కనిది, కాని అది వ్యాయామమునకు పోవువారికి అక్కరకు వచ్చినంతగా పనికి పోవువారికి రాదు. ఆ కప్పే ఇంటినుండి పనిచోటికి పోవు దారిపై నుండినచో!

ఎలక్ట్రానిక్ సిటీకి రైలు 47 యేండ్లకు వచ్చినది. ఆర్.వి. రోడ్డునుండి బొమ్మసంద్రవరకు 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు గల పసుపు మెట్రోమార్గము 2025 ఆగస్టు 10న ప్రారంభమాయెను. రాగిగుడ్డనుండి సిల్క్‌బోర్డువరకు సుమారు 3 కిలోమీటర్ల మేర ఒకే స్తంభముల వరుస క్రిందిఅంతస్తున రహదారిని, పైఅంతస్తున రైలును మోయుచున్నది. ఇరుకునేలలో ఒకేచోటిని రెండుమారులు వాడుకొను ఈ కట్టడపు రహదారి భాగము 2024 జులైలోనే తెరువబడెను. కోనప్పన అగ్రహారము స్టేషను వ్యయములో ఇన్ఫోసిస్ ఫౌండేషను పాలుపంచుకొనెను. మొదట రైళ్లు మూడే. 25 నిమిషములకు ఒకటి. కట్టడము సిద్ధమైనను బండ్లు చాలక కొంతకాలము ఎదురుచూచుట ఆ ఊరివారికి కోపము తెప్పించినది. అయినను ఉదయము ఆ స్టేషనులలో కనబడు జనసమ్మర్దము, ఎన్నాళ్లనుండి ఈ రైలు కొరకు ఎదురుచూచిరో తెలుపును. రేవా కారు పుట్టిన బొమ్మసంద్రయే దీని చివరిస్టేషను.

విచిత్రమేమన, పట్టాలు ఆ దరిని లేకపోలేదు. సేలము పోవు రైలుమార్గము ఈ వాడకు చేరువగనే సాగును. దానిపై హీలళిగె స్టేషను కలదు. ఆ పట్టాలను నగరపు పనివారికి తగినట్లు వాడుకొనవలెనను యోచన దశాబ్దములు నానినపిమ్మట, 2020లో 148 కిలోమీటర్ల ఉపనగర రైలుపథకమునకు కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చెను. 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగినది. అందు హీలళిగెనుండి రాజానుకుంటెవరకు గల శాఖకు 'కనక' యని పేరు పెట్టిరి; దాని పొడవు 46 కిలోమీటర్లు. మెట్రోను బొమ్మసంద్రనుండి హోసూరునకు పొడిగించు విషయమునను సాధ్యాసాధ్యముల పరిశీలన జరిగినది. రెండు రాష్ట్రముల నడుమ సాగవలసిన దారి గనుక ఇరుపక్షముల సమ్మతి కావలసియున్నది. హోసూరునుండి ఎలక్ట్రానిక్ సిటీకి పనికి వచ్చువారు బస్సులోనో స్కూటరుపైనో రాష్ట్రపు సరిహద్దు దాటి వచ్చుచున్నారు.