సైన్యం వద్దనుకున్న చిన్న దేశం

కంచే చేను మేస్తే రైతు ఏమి చేయాలి? మనం తరచుగా వాడే ఈ సామెతకు ఒక చిన్న దేశం చెప్పిన జవాబు తెలుసుకోదగ్గది. ఆ దేశం డొమినికా. డొమినికన్ రిపబ్లిక్ వేరు, ఇది వేరు. కరీబియన్ సముద్రంలో గ్వాడెలోప్, మార్టినిక్ దీవుల నడుమ సుమారు 750 చదరపు కిలోమీటర్ల దీవి. రాజధాని రోసో. 2011, 2023లలో మన క్రికెట్ జట్టు అక్కడ టెస్టులు ఆడినందున ఆ పేరు కొందరికి పరిచితమే.

1978 నవంబరు 3న ఈ దేశం బ్రిటన్ నుండి స్వాతంత్ర్యం పొందింది. పాట్రిక్ జాన్ ప్రధాని. చిన్న రక్షణ దళం కూడా ఉండేది. మరుసటి సంవత్సరమే సమ్మె హక్కును, పత్రికల స్వేచ్ఛను కుదించే బిల్లులు వచ్చాయి. ఎదిరించిన వారిలో ప్రభుత్వోద్యోగుల సంఘం ముందు వరుసలో నిలిచింది. 1979 మే 29న రోసోలో గుమిగూడిన జనంపై రక్షణ దళం కాల్పులు జరిపింది. ఒక యువకుడు మరణించాడు. దేశమంతా సమ్మె కట్టింది. జూన్‌లో జాన్ పదవి పోయింది.

1980 ఎన్నికలలో యూజీనియా చార్లెస్ గెలిచి, కరీబియన్ దేశాలలో తొలి మహిళా ప్రధాని అయ్యారు. మాజీ ప్రధానితో కలిసి దళంలోని కొందరు కుట్ర పన్నుతున్నారని 1981లో బయటపడగా, ఆమె ప్రభుత్వం దళాన్నే రద్దు చేసింది. ఆ ఏప్రిల్‌లోనే దండెత్తడానికి బయలుదేరిన కిరాయి మూకను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ వద్ద పట్టుకున్నారు. డిసెంబరు 19న దళం మాజీ సైనికులు రోసోలోని పోలీసు కేంద్ర కార్యాలయంపై దాడి చేశారు. పోలీసులు తిప్పికొట్టారు గాని, ఒక పోలీసు ప్రాణం పోయింది. ఈ నేరానికి దళం మాజీ అధిపతి ఫ్రెడరిక్ న్యూటన్‌ను 1986లో ఉరితీశారు. జాన్‌కు 1985లో 12 ఏళ్ల శిక్ష పడింది.

నాటి నుండి డొమినికాకు సైన్యం లేదు. పోలీసులే తీర రక్షణ కూడా చూస్తారు. 1982లో బార్బడోస్ మొదలైన ఇరుగుపొరుగు దీవులతో కలిసి ఉమ్మడి భద్రతా ఒప్పందం కుదుర్చుకున్నారు. సెయింట్ కిట్స్ దీవి కూడా 1981లో తన దళాన్ని రద్దు చేసి, 1997లో మళ్లీ నెలకొల్పుకున్నది. డొమినికా మాత్రం ఆ ఆలోచన చేయలేదు.

పెద్ద సరిహద్దులున్న దేశాలకు ఈ మార్గం కుదరదు. అయినా తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా అది ప్రజలకు జవాబుదారీగా ఉండాలన్న మాట దేశం చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఆ మాట నిలబెట్టడానికి ఆనాడు వీధిలోకి వచ్చిన వారిలో మనవంటి ఉద్యోగులూ ఉన్నారు.