విశాఖపట్నంలో ప్రత్యేక ఉపాధ్యాయ విద్య: చట్టం, పట్టా, తరగతి గది భాష

వ్యాససంగ్రహం:
ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు బోధించే ఉపాధ్యాయులకు పట్టా స్థాయి శిక్షణ తెలుగునేలపై నాలుగు దశాబ్దాలకు దగ్గరగా సాగుతున్నది. వైకల్యాన్ని గుర్తించి, మదింపు చేసి, వర్గీకరించే విద్యగా ఈ శిక్షణ బలపడింది. విద్యార్థి భాషలో బోధించే విద్యగా మాత్రం ఇంకా పూర్తిగా రూపొందలేదు. ఇందుకు గల చారిత్రక కారణాలను విశాఖపట్నం ఆధారంగా పరిశీలించి, తెలుగు శాఖల బాధ్యతను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రత్యేక విద్య, ఉపాధ్యాయ శిక్షణ, భారత పునరావాస మండలి, భారతి బ్రెయిలీ, విశాఖపట్నం, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం:
విశాఖపట్నం విద్యాచరిత్రను సాధారణంగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుతో మొదలుపెడతారు. 1926లో బెజవాడలో ఏర్పడి, 1930లో వాల్తేరుకు తరలివచ్చిన ఈ విశ్వవిద్యాలయంలో తెలుగుశాఖ 1931లో ప్రారంభమైంది. నగరం ఓడరేవుగా, నౌకాదళ కేంద్రంగా, ఉక్కు నగరంగా పెరిగిన కొద్దీ ఇక్కడి విద్యావసరాలు కూడా మారాయి. ఆ మార్పులో భాగంగానే ప్రత్యేక ఉపాధ్యాయ శిక్షణ విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. అయితే ఒకే ప్రాంగణంలో ఉన్న తెలుగు బోధన, ప్రత్యేక విద్యా శిక్షణ భిన్నమైన శాసనాలకు, భిన్నమైన పాఠ్యప్రణాళికలకు లోబడి నడిచాయి. ఈ ఎడం ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే పట్టాలు లేని కాలంనుంచి ప్రారంభించాలి.

2. పట్టాకు ముందు:
మన దేశంలో ఆధునిక ప్రత్యేక పాఠశాలలు సేవాదృష్టితో పుట్టాయి. బధిరులకోసం 1885లో బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను, అంధులకోసం 1887లో అమృత్‌సర్‌లోను పాఠశాలలు ఏర్పడ్డాయి. ఆనాటి ఉపాధ్యాయుడు చాలావరకు పాఠశాలలో పనిచేస్తూనే పని నేర్చుకున్నాడు. స్వాతంత్ర్యానంతరం 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ ఆమోదం పొందింది. తెలుగు బ్రెయిలీకి కూడా అదే ఆధారం.

వికలాంగ బాలల సమీకృత విద్యాపథకం 1974లో మొదలైంది. ఆ పథకం మొదట సంక్షేమ శాఖ పరిధిలో ఉండి, 1982లో విద్యాశాఖకు మారింది. పిల్లలను సాధారణ పాఠశాలల్లో చేర్చాలన్న విధానం వచ్చిన తరువాత, వారికి చదువు చెప్పగలవారు ఎవరన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తెలుగునేలపై ఈ ప్రశ్నకు తొలి గట్టి సమాధానం. 1980ల చివరలోనే ఆ సంస్థ పట్టా స్థాయి శిక్షణ ప్రారంభించింది. 2016లో దాని పేరు మేధో దివ్యాంగుల సాధికారత జాతీయ సంస్థగా మారింది. ‘మానసిక వికలాంగులు’ అన్న మాటనుంచి ‘మేధో వైకల్యం’ అన్న మాటకు జరిగిన ఈ ప్రయాణం విద్యార్థిని చూసే దృష్టిలో వచ్చిన మార్పుకు గుర్తు.

3. రెండు చట్టాలు, రెండు శాఖలు:
భారత పునరావాస మండలి 1986లో నమోదిత సంఘంగా మొదలైంది. 1992 నాటి చట్టం ద్వారా 1993 జూన్ 22న చట్టబద్ధ సంస్థ అయింది. ప్రత్యేక ఉపాధ్యాయుల కోర్సులను గుర్తించడం, పాఠ్యప్రణాళిక నిర్ణయించడం, అర్హత పొందినవారి పేర్లను కేంద్ర పునరావాస నమోదు పట్టికలో చేర్చడం దాని బాధ్యతలు. ఇదే కాలంలో, 1993లో, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టం వచ్చింది. సాధారణ బి.ఇడి. ఈ మండలి పరిధిలోనిది. మొదటిది సంక్షేమ, సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద, రెండవది విద్యామంత్రిత్వ శాఖ కింద పనిచేస్తూ వచ్చాయి.

ఈ విభజనవల్ల జరిగిన మేలును కాదనలేము. నమోదు సంఖ్య లేనివారు ప్రత్యేక ఉపాధ్యాయులుగా చలామణి కాకుండా ఒక కట్టుబాటు ఏర్పడింది. వైకల్యాన్ని బట్టి నైపుణ్యం పెరిగింది. దాని వెల కూడా అంతే స్పష్టం. సాధారణ బి.ఇడి. చదివినవారికి వైకల్యం పరాయి విషయమైంది. ప్రత్యేక బి.ఇడి. చదివినవారు పాఠశాల వ్యవస్థకు బయటివారుగా మిగిలారు. 1995 నాటి వికలాంగుల చట్టం ఉపాధ్యాయ శిక్షణ సంస్థలను నెలకొల్పవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచినా ఈ ఎడం తగ్గలేదు. రెండు మండలుల పాఠ్యప్రణాళికల మధ్య సమన్వయం పెరగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పవలసి రావడమే ఇందుకు సాక్ష్యం.

4. విశాఖపట్నం అనుభవం:
ఆంధ్ర విశ్వవిద్యాలయం దృష్టి, వినికిడి, మేధో వైకల్య విభాగాల్లో ప్రత్యేక బి.ఇడి. ప్రవేశాలకు వేరుగా పరీక్ష నిర్వహించింది. ప్రత్యేక విద్యలో ఎం.ఇడి. స్థాయి బోధన కూడా ఇక్కడ సాగింది. ఉత్తరాంధ్ర యువతకు హైదరాబాదు వెళ్ళవలసిన అవసరం లేకుండా ఈ అర్హత దగ్గరలో లభించింది.

అర్హత పొందినవారికి నగరంలో ఎటువంటి పనిచోట్లు కనిపించాయన్నది ఇక్కడ ముఖ్యం. ఉక్కునగరంలో అరుణోదయ ప్రత్యేక పాఠశాల, నౌకాదళ కుటుంబాల సంక్షేమ వ్యవస్థలో భాగమైన సంకల్ప్ పాఠశాల, స్వచ్ఛందరంగంలో లెబెన్‌షిల్ఫె వంటి సంస్థలు ఇక్కడ పనిచేస్తూ వచ్చాయి. పెద్ద యాజమాన్యాలు తమ ఉద్యోగుల కుటుంబాల అవసరాన్ని గుర్తించడం ఈ నగర చరిత్రలో చెప్పుకోదగిన అంశం. అయితే ఇవన్నీ సంక్షేమం, సేవ అనే చట్రంలో ఏర్పడినవి. ప్రభుత్వ పాఠశాలలో శాశ్వత ఉపాధ్యాయ పదవి అన్న చట్రం వేరు. ప్రభుత్వ రంగంలో సమ్మిళిత విద్య వనరుల ఉపాధ్యాయులు, మండలాల్లోని భవిత కేంద్రాలు ఈ పనిని మోశాయి. ఆ ఉపాధ్యాయులలో అత్యధికులు ఒప్పంద పద్ధతిలోనే పనిచేశారు. పట్టా విశ్వవిద్యాలయానిది, పని సేవాసంస్థది లేదా పథకానిది అయినప్పుడు ఆ వృత్తికి నిలకడ ఉండదు.

5. తరగతి గదిలో తెలుగు:
పునరావాస మండలి పాఠ్యప్రణాళిక దేశమంతటికీ ఒకటే. ప్రాంతీయ భాషా బోధనకు, ప్రాంతీయ భాషా బ్రెయిలీకి అందులో చోటు ఉన్నది. జాతీయ ప్రణాళిక చోటు మాత్రమే చూపగలదు. ఆ చోటులో తెలుగును గురించి ఏమి చెప్పాలో తెలుగు భాషావేత్తలే నిర్ణయించాలి. మూడు ఉదాహరణలు చాలు.

5.1. దృష్టి వైకల్యం:
‘చెట్టు’ అన్న పదాన్ని అచ్చులో చూసే విద్యార్థి రెండవ అక్షరాన్ని టకారం, దానికి కొమ్ము, కింద టవత్తు అని నేర్చుకుంటాడు. భారతి బ్రెయిలీలో అచ్చు సంకేతం హల్లు తరువాత వరుసగా వస్తుంది. అచ్చులేని హల్లుకు ముందు పొల్లు చుక్క వస్తుంది. అంటే అదే పదం చ, ఎ, పొల్లు, ట, ట, ఉ అనే క్రమంలో వేలికి తగులుతుంది. కింద రాసే ఒత్తు, పైన రాసే తలకట్టు అక్కడ లేవు. కనుక ‘టకు టవత్తు’ అని చెప్పే వాడుక ఆ విద్యార్థికి అర్థం లేనిది. ఉచ్చారణ క్రమాన్ని ఆధారం చేసుకొని గుణింతాన్ని, ద్విత్వాన్ని, సంయుక్తాన్ని వేరుగా బోధించాలి.

5.2. వినికిడి వైకల్యం:
ప, బ, మ మూడూ ఓష్ఠ్యాలు. పెదవుల కదలికను చూసి మాట పోల్చుకునే విద్యార్థికి ‘పాట’, ‘బాట’, ‘మాట’ ఒక్కలాగే కనిపిస్తాయి. నాదం, అనునాసికత పెదవులపై కనిపించవు. ఇటువంటి పదాల జాబితాలు, వాటిని సందర్భంతోనో సంజ్ఞతోనో వేరుచేసే పాఠాలు తెలుగు ధ్వనిశాస్త్రం తెలిసినవారే తయారుచేయగలరు.

5.3. నిర్దిష్ట అభ్యసన వైకల్యం:
2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ఇంగ్లీషులో బి, డి అక్షరాల తారుమారును ఉదాహరణగా చూపే వివరణ తెలుగు విద్యార్థి చిక్కును పట్టివ్వదు. ఇక్కడ ప–వ, ద–డ, మ–య రూపసామ్యాలు, దీర్ఘాలు, ఒత్తులు పరిశీలించవలసి ఉంటుంది. ఏది అందరు పిల్లలూ చేసే సాధారణ దోషం, ఏది వైకల్య సూచన అని తేల్చడానికి తెలుగు లేఖన దోషాల వర్గీకరణ అవసరం.

6. ప్రస్తుత సందర్భం:
2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించి, శాశ్వత పదవుల అవసరాన్ని గుర్తించింది. 2022లో కేంద్రం ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు అన్న ప్రమాణాన్ని ప్రకటించింది. 2025 మార్చిలో న్యాయస్థానం పదవులను ప్రకటించాలని రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పదవులను మంజూరు చేసింది. వీటిలో సెకండరీ గ్రేడ్ స్థాయివి 1,136, స్కూల్ అసిస్టెంట్ స్థాయివి 1,124.

ఒప్పంద ఉద్యోగం శాశ్వత పదవిగా మారే దశలో శిక్షణలోని లోటు మునుపటికంటే ఎక్కువ ప్రభావం చూపుతుంది. ఈ పదవుల్లో చేరేవారు మూడు దశాబ్దాలపాటు తరగతి గదిలో ఉండవచ్చు. వారికి తెలుగు బ్రెయిలీ క్రమం తెలియకపోతే, తెలుగు ధ్వనుల స్వభావం తెలియకపోతే, ఆ నష్టం ఒక తరానికి పరిమితం కాదు.

7. ముగింపు:
ప్రత్యేక ఉపాధ్యాయ విద్య సేవగా పుట్టి, చట్టంతో వృత్తి అయింది. పట్టా దానికి గౌరవాన్ని, న్యాయస్థానం తీర్పు దానికి పదవిని ఇచ్చాయి. మిగిలినది భాష. ఈ లోటును పునరావాస మండలి ఒక్కటే తీర్చలేదు. నమోదును కొనసాగించుకోవడానికి ప్రత్యేక ఉపాధ్యాయులు నిరంతర పునరావాస విద్యా కార్యక్రమాలకు హాజరు కావలసి ఉంటుంది. విద్యాశాఖలతో కలిసి తెలుగు శాఖలు అటువంటి కార్యక్రమాలను తెలుగు బ్రెయిలీ, తెలుగు ధ్వనులు, లేఖన దోషాలు అనే అంశాలపై రూపొందించవచ్చు. ఎం.ఏ. తెలుగులో భాషాశాస్త్ర పాఠం చెప్పేటప్పుడు ఈ అంశాలను చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. పరిశోధకులు విశాఖ వంటి నగరాల్లోని ప్రత్యేక పాఠశాలలను భాషాక్షేత్రాలుగా స్వీకరిస్తే, తెలుగు బోధనశాస్త్రంలో ఇంతవరకు తక్కువగా సాగిన ఒక శాఖ బలపడుతుంది. తెలుగు చదవాలనుకునే ప్రతి బిడ్డకూ ఆ చదువును అందించే మార్గం వెదకడం తెలుగు శాఖల పనిలో భాగమే.