గిర్టన్ తొలినాళ్ళు

1869 అక్టోబరులో ఇంగ్లండులోని హిచిన్ అనే చిన్న ఊళ్ళో, ఒక అద్దె ఇంట్లో ఐదుగురు అమ్మాయిలతో ఆడవాళ్ళ కాలేజీ మొదలైంది. అదే తర్వాత గిర్టన్ కాలేజీ అయింది. కావలసింది కేంబ్రిడ్జి చదువే, ఊరు మాత్రం కేంబ్రిడ్జి కాదు. మగపిల్లల మధ్య ఆడపిల్లలేమిటన్న మాట పడకుండా కాలేజీ పెట్టిన ఎమిలీ డేవిస్ వేసిన ఎత్తు అది. పాఠాలు చెప్పేవాళ్ళే కేంబ్రిడ్జి నుంచి రైలెక్కి వచ్చేవారు.

డేవిస్ పట్టు ఒక్కటే: మగవాళ్ళు రాసే పరీక్షే, వాళ్ళకిచ్చిన గడువులోనే. జాలిపడి ఆడవాళ్ళకు వేరే పరీక్ష పెడతామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆ పట్టుదల బరువు మోసింది విద్యార్థినులు. బడిలో గ్రీకు ముఖమే చూడనివాళ్ళు కూడా తొలి పరీక్ష కోసం అక్షరాల దగ్గర్నుంచి దిద్దాల్సొచ్చింది. అయినా నా లెక్కలో డేవిస్‌దే ఒప్పు. వేరే పరీక్షలో ఎంత బాగా గట్టెక్కినా, ‘ఆడవాళ్ళ పరీక్షే కదా’ అని తీసిపారేసేవారు.

1871లో ఆ అమ్మాయిలు షేక్‌స్పియర్ నాటక దృశ్యాలు వేస్తూ మగవేషాలు కట్టారు. డేవిస్‌కి గుండె ఆగినంత పనైంది. లోకాన్ని ఎదిరించిన మనిషి ప్యాంట్లకు జడిశారు! ఒక్క పుకారు పుడితే చందాలు ఆగిపోతాయని ఆవిడ భయం. అమ్మాయిలు ఊరుకోలేదు, ఎదురు వాదించారు.

1873లో కాలేజీ కేంబ్రిడ్జికి రెండు మైళ్ళ పైచిలుకు దూరంలోని గిర్టన్‌కు మారింది. వాటర్‌హౌస్ గీసిన ఎర్ర ఇటుకల భవనం. ఒక్కొక్కరికి పడకగది ఒకటి, చదువుకోడానికి మరొకటి. ఇంట్లో చుట్టాలొస్తే పుస్తకం మూసి లేవాల్సిన పిల్లలకు తలుపు వేసుకునే హక్కు దొరికింది. మంటలు రేగితే తామే ఆర్పుకోవాలని సొంత అగ్నిమాపక దళం కట్టి బకెట్లు అందించుకోవడం సాధన చేశారు కూడా.

1880లో గిర్టన్ విద్యార్థిని షార్లెట్ స్కాట్ కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ఎనిమిదో స్థానానికి సరితూగారు. ఫలితాలు ప్రకటించినప్పుడు ఆ స్థానానికి అధికారికంగా చదివింది ఒక మగవాడి పేరు. హాల్లోని కుర్రాళ్ళే ‘స్కాట్ ఆఫ్ గిర్టన్’ అని కేకలేశారు. మరుసటి ఏడు ఆడవాళ్ళకు అధికారికంగా పరీక్ష రాసే హక్కు వచ్చింది, పట్టా రాలేదు. 1897లో ఆడవాళ్ళకు పట్టాలివ్వడం మీద ఓటింగ్ జరిగిన రోజు, దాన్ని వ్యతిరేకించిన కుర్రాళ్ళు సైకిలెక్కిన ఆడబొమ్మను విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్ ఎదుట వేలాడదీశారు. తీర్మానం ఓడిపోయింది.

నిజాం స్కాలర్‌షిప్‌తో వెళ్ళిన హైదరాబాదు అమ్మాయి, తర్వాతి సరోజినీ నాయుడు, గిర్టన్‌లో చదివింది ఆ రోజుల్లోనే. 1898లో పట్టా లేకుండా తిరిగొచ్చారు. ఉండి పూర్తిచేసినా కేంబ్రిడ్జి ఇచ్చేది కాదు. 1904 నుంచి మూడేళ్ళపాటు కొందరు పూర్వ విద్యార్థినులు ఓడెక్కి డబ్లిన్ వెళ్ళి, అక్కడి ట్రినిటీ కాలేజీ చేత పట్టాలిప్పించుకున్నారు. కేంబ్రిడ్జి మనసు మారింది 1948లో; డేవిస్ 1921లోనే పోయారు.