విజేత ఆజ్ఞలు, తల్లి ప్రశస్తి: గౌతమీపుత్ర శాతకర్ణి రాజనీతి

శాతవాహన వంశంలో గొప్ప విజేతగా పేరొందిన గౌతమీపుత్ర శాతకర్ణి నాయకత్వాన్ని, రాజ్యకాంక్షను, ధర్మాన్ని ఎలా భావించాడో చెప్పే గ్రంథమేదీ అతడి పేర లేదు; నాసిక్ సమీపంలోని త్రిరశ్మి కొండ గుహల్లో చెక్కిన ప్రాకృత శాసనాలు, అతడు ముద్రించిన నాణేలు మాత్రమే ఇందుకు ప్రధానాధారాలు. అతడి పాలనాకాలం క్రీ.శ. ఒకటో శతాబ్దానిదా రెండో శతాబ్దానిదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేకపోయినా, పశ్చిమ దక్కనులో క్షహరాత వంశపు క్షత్రపుడు, అనగా శక పాలకుడు, అయిన నహపానుడి అధికారాన్ని అతడు అంతం చేశాడన్న విషయంలో సందేహం లేదు. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబి వద్ద 1906లో దొరికిన పదమూడు వేలకు పైబడిన నహపానుడి వెండి నాణేల్లో సుమారు మూడింట రెండు వంతులపై గౌతమీపుత్రుడి ముద్ర మళ్లీ పడి ఉండటం, ఓడిన రాజు చలామణిని కరిగించకుండానే తనదిగా మార్చుకున్న విజేత తీరును స్పష్టంగా చూపుతుంది.

ఎక్కువగా ఉదహరించబడే ఆధారం అతడి తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రశస్తి, అనగా రాజు గుణగణాలను కీర్తించే శాసనం. ఇది అతడి కుమారుడు పులుమావి 19వ పాలనా సంవత్సరం నాటిది. అందులో గౌతమీపుత్రుడు శక, యవన, పహ్లవులను నిర్మూలించినవాడు, క్షత్రియుల గర్వాన్ని అణచినవాడు, వర్ణసాంకర్యాన్ని నిలిపినవాడు, ధర్మం అనుమతించిన పన్నులే విధించినవాడు, పౌరుల సుఖదుఃఖాలను తనవిగా భావించినవాడు, తప్పుచేసిన శత్రువు ప్రాణం తీయడానికీ ఇష్టపడనివాడు. నిర్మూలన, దయ ఒకే వ్యక్తికి ఎలా అతికాయన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. ప్రశస్తిలో అశ్మకం, మూలకం, సురాష్ట్రం, అపరాంతం, విదర్భ, అవంతి మొదలైన దేశాల పేర్లు పరిమితంగానే ఉన్నా, పర్వతాల పట్టిక మహేంద్రం, మలయం దాకా విస్తరిస్తుంది. అతడి వాహనాలు మూడు సముద్రాల నీరు తాగాయన్న మాట అంతకంటే విశాలం. ఏలిన నేల కంటే కోరిన నేల పెద్దదని ఈ క్రమమే సూచిస్తుంది. అయితే ఇది మరణానంతరం తల్లి చెప్పిన కీర్తి కనుక, దీనిని రాజు సొంత ఆలోచనగా తీసుకోవడం సరికాదు.

రాజు మాట వినిపించేది అదే కొండమీది రెండు ఆజ్ఞల్లో. 18వ పాలనా సంవత్సరంలో విజయ స్కంధావారం నుండి, అనగా గెలిచిన సేన విడిది నుండి, నాసిక్ ప్రాంతంలోని గోవర్ధనంలో ఉన్న అమాత్యుడు విష్ణుపాలితుడికి అతడు పంపిన ఆజ్ఞ ప్రకారం, అంతవరకు నహపానుడి అల్లుడు ఉషవదాతుడి అధీనంలో ఉన్న 200 నివర్తనాల పొలం త్రిరశ్మి కొండమీది భిక్షువులకు దక్కింది. నివర్తనం ఆనాటి భూమి కొలత. ఆ పొలంలో రాజభటులు అడుగుపెట్టరాదనీ, ఉప్పు కోసం తవ్వరాదనీ చెప్పే పరిహారాలు, అనగా మినహాయింపులు, ఆజ్ఞలోనే ఉన్నాయి. బ్రాహ్మణుడిగా కీర్తింపబడిన రాజు బౌద్ధ భిక్షువులకు భూమి ఇవ్వడం విశేషమే. కానీ దానంతోపాటు తన సొంత ఉద్యోగుల అధికారానికి హద్దు గీయడం అంతకంటే విశేషం.

24వ సంవత్సరపు ఆజ్ఞ ఇంకా విలువైనది. రాజు, రాజమాత ఇద్దరి పేర అమాత్యుడు శ్యామకుడికి వెళ్లిన ఈ ఆజ్ఞ, ముందు ఇచ్చిన పొలం దున్నబడటం లేదనీ, ఆ ఊరిలో జనం నివసించడం లేదనీ దాపరికం లేకుండా అంగీకరించి, నగరపు పొలిమేరలోని రాజక్షేత్రం నుండి 100 నివర్తనాలు ఇప్పిస్తుంది. విజయపు వేడిలో చేసిన దానం ఆరేళ్లకు నిష్ఫలమైందని రాతిమీద ఒప్పుకున్న ఈ ఆజ్ఞ, ప్రశస్తిలోని విశేషణాలన్నిటికంటే గట్టిగా అతడి ధర్మబుద్ధికి సాక్ష్యమిస్తుందని భావించడానికి అవకాశం ఉంది, ఎందుకంటే సాగులేని భూమి పేరుకు దానమే తప్ప, భిక్షువు ఆకలి తీర్చదని రాజు గ్రహించాడు.

తెలంగాణలోని జగిత్యాల జిల్లాకు ఈ చర్చతో సంబంధం గోదావరి ద్వారానే కలుగుతుంది. ఎగువన ఆజ్ఞలు అందుకున్న గోవర్ధనం ఉండగా, దిగువన ఈ జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉంది. ఇక్కడ గోభద, సమగోప వంటి స్థానిక పాలకుల నాణేలతోపాటు, శాతవాహన వంశకర్తగా పలువురు పండితులు గుర్తించే సిముకుడి నాణేలు కూడా లభించాయి. శాతవాహన కుల యశస్సును గౌతమీపుత్రుడు తిరిగి నిలబెట్టాడని బాలశ్రీ చెప్పిన మాటలోని ఆ పాత యశస్సుకు, సిముకుని నాటి తొలి ఆనవాళ్లలో కొన్ని కోటిలింగాలలోనే ఉన్నాయి. స్థానిక పాలకుల నాణేలు చలామణి అయిన నేలపై ఎదిగిన వంశానికి, ఓడినవారి వ్యవస్థను చెరపకుండా తనలో కలుపుకునే నేర్పు బహుశా ఇక్కడినుండే అలవడి ఉండవచ్చు. ఇది ఊహే అయినా, జోగల్‌తంబి నాణేలు దానికి విరుద్ధంగా లేవు.

దానాన్ని సరిదిద్దే పద్ధతి గౌతమీపుత్రుడితో ముగియలేదు. పులుమావి 22వ సంవత్సరంలో వెలువడిన మరో నాసిక్ ఆజ్ఞ, గుహవాసుల కోసం ముందు కేటాయించిన ఊరికి బదులుగా శాల్మలిపద్రమనే ఊరిని ఇస్తూ, దానికి కూడా భిక్షువుల భూమికి తగిన పరిహారాలన్నీ వర్తింపజేసింది.