ఊళ్లో లేని బిడ్డ: ఉయ్యూరు పరిసరాల్లో పోలియో టీకాకు అడ్డుపడుతున్నవి

పల్స్ పోలియో ఆదివారం గడిచిన మర్నాటి నుంచి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలందరికీ ఎడమ చిటికెన వేలి మీద సిరా మచ్చ ఉంటే గోడ మీద సుద్దతో ‘పి’ అని రాస్తారు. ఒక్కరికి పడకపోయినా, తలుపుకు తాళం ఉన్నా, ఇంట్లోవాళ్లు వద్దన్నా ఇంటూ గుర్తు పెడతారు. ఆ గుర్తు వెనక ఉన్న వాళ్లందరినీ సమీక్షా సమావేశాల్లో ఒకే మాటతో తేల్చేయడం మనకు అలవాటైపోయింది: తల్లిదండ్రులకు అవగాహన లేదు. కృష్ణా డెల్టాలోని ఉయ్యూరు చుట్టుపక్కల బతుకు ఎలా సాగుతుందో చూస్తే ఆ మాట నిలబడదని ఈ వ్యాసం వాదన. ఇక్కడి అడ్డంకుల్లో పెద్ద భాగం బిడ్డ ఒకచోట, రిజిస్టరు ఒకచోట ఉండడం వల్ల పుట్టినవి. తక్కినవి తల్లిదండ్రులు అడిగిన న్యాయమైన ప్రశ్నలకు మనం జవాబు చెప్పకపోవడం వల్ల పుట్టినవి.

దేశమంతటా పల్స్ పోలియో 1995 డిసెంబరు 9న మొదలైంది. 2009లో కూడా మన దేశంలో 741 కేసులు వచ్చాయి, ప్రపంచం మొత్తంలో దాదాపు సగం. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చినదే సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి బయటపడిందని ధ్రువపత్రం ఇచ్చింది. ఈ గెలుపే ఇప్పుడొక చిక్కు తెచ్చింది. తొడ మీద చెయ్యి ఆనించి, కాలిని వెనక్కి నెట్టుకుంటూ అడుగు వేసే మనిషి ఈనాటి ఇరవై అయిదేళ్ల తల్లికి ఏ పెదనాన్నో, బడిలో చదువు చెప్పిన మాస్టారో. ఆ జబ్బు తన బిడ్డకు రావచ్చన్న ఊహ ఆమెకు ఎక్కడినుంచి వస్తుంది? అయినా వైరస్ పూర్తిగా పోలేదు. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి మార్పుచెందిన రెండో రకం వైరస్ కనిపిస్తే, ఆ జూన్‌లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఆదరాబాదరా ఇంజెక్షన్ టీకా వేయాల్సి వచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 96 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పోలియో మూడు మోతాదులతో సహా ప్రాథమిక టీకాలన్నీ పడిన ఏడాది వయసు పిల్లలు మాత్రం సుమారు 73 శాతం. పుట్టిన రోజున నర్సు చేతుల్లో ఉన్న బిడ్డ, ఆ రోజే మొదటి చుక్కలు వేయించుకున్న బిడ్డ, ఏడాది తిరిగేలోగా ఎక్కడ జారిపోతోంది?

నా మట్టుకు మొదట చూడవలసింది పుట్టింటి వైపు. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆనవాయితీ. ఉయ్యూరు కోడలు అవనిగడ్డలో పురుడు పోసుకుంటుంది. పుట్టగానే ఒకసారి, తరవాత 6, 10, 14 వారాలకు చుక్కలు. 6, 14 వారాలకు చుక్కలతో పాటు కుడి జబ్బకు చిన్న ఇంజెక్షన్ కూడా. మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచి రోజు చూసి తల్లినీ బిడ్డనీ అత్తింటికి పంపుతారు, మధ్యలో మూఢం వస్తే ఆగుతారు. పద్నాలుగు వారాలంటే మూడు నెలలు దాటి వారం. మూడో నెలలో ప్రయాణం పెట్టుకున్నారంటే సరిగ్గా ఆ మోతాదు దగ్గరే దారి తెగుతుంది. సారె సర్దుతారు, ఉయ్యాల సర్దుతారు, పసుపు కుంకుమలు ఒడిలో పోస్తారు. తల్లీబిడ్డల కార్డు మాత్రం పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది. అవనిగడ్డ రిజిస్టరులో ‘అత్తవారింటికి వెళ్లింది’ అని రాసుకుంటారు. ఉయ్యూరు రిజిస్టరులో ఆ బిడ్డ పేరే ఉండదు, అక్కడ పుట్టలేదు గనక. ఇద్దరు ఉద్యోగులూ తప్పు రాయలేదు. బిడ్డ మాత్రం ఇద్దరి లెక్కలోనూ లేదు. ఇప్పుడు వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నా, ఆసుపత్రిలో చేరేటప్పుడు చెప్పే ఫోన్ నంబరు తల్లిది కాకుండా తోడు వచ్చిన తండ్రిదో అన్నదో అయిందంటే, తరవాతి మోతాదు గుర్తుచేసే మెసేజి అవనిగడ్డలోనే మోగుతుంది. దీన్ని అవగాహన లోపం అనడం ఆ తల్లికి అన్యాయం. ఆమె ఆసుపత్రిలో కన్నది, మూడుసార్లు టీకా వేయించింది, పెద్దలు చెప్పిన రోజున బండెక్కింది.

రెండోది రుతువు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. గానుగ ఆడే కాలం చలితో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. కృష్ణ ఒడ్డు వెంట ఇటుక బట్టీలు రాజుకునేదీ అప్పుడే. మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్లూ అప్పుడే. పల్స్ పోలియో ఆదివారాలు కూడా చాలా ఏళ్లుగా ఆ నెలల్లోనే పడుతున్నాయి: 2020లో జనవరి 19, 2022లో ఫిబ్రవరి 27, 2024లో మార్చి 3. జనం ఇళ్లు విడిచి ఉండే కాలంలోనే మనం ఇళ్లు లెక్కపెడుతున్నాం.

చెరకు నరికే ముఠాకు కూలి టన్ను లెక్కన ఉంటుంది. ఒకరు నరుకుతారు, ఒకరు ఆకు దూస్తారు, ఒకరు మోపు కడతారు. ఆకు దూసే మనిషి బిడ్డనెత్తుకుని రెండు కిలోమీటర్లు నడిచి బడి దగ్గరి కేంద్రానికి వెళ్తే ఆగేది ఆమె పని ఒక్కటే కాదు, ముఠా అంతటి పనీ ఆగుతుంది. వెళ్లొస్తానని అడగడానికే ఆమెకు మొహమాటం. గట్టు మీద తుమ్మచెట్టుకు చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ పడుకుని ఉంటుంది. ఆ ఉయ్యాలకు డోర్ నంబరు లేదు. పల్స్ పోలియో పథకంలో ఇలాంటివాళ్ల కోసం వేరే జాబితా ఉంది: బట్టీలు, కట్టడాలు జరిగే చోట్లు, సంచార కుటుంబాలు. కానీ జాబితా తయారయ్యేది ముందు. చేను నరకడం అయిపోగానే ముఠా మరో ఊరికి కదులుతుంది. బట్టీల్లో ఒడిశా కుటుంబాలకు ఇంకో ఇబ్బంది, తెలుగు రాదు. మైకులో వచ్చే ప్రకటన వాళ్లకు శబ్దం మాత్రమే. ఇక ఆదివారం పొద్దున్న పేటల్లో చాలామంది ప్రార్థనలో ఉంటారు. కేంద్రం చర్చి ఆవరణలోనే పెడితే, పాస్టరుగారు ప్రార్థన చివర ఒక్క మాట చెబితే, అక్కడ ఇంటింటి తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

“మొన్నే వేశారుగా, మళ్లీ ఎందుకు?” ఇది మొండితనం నుంచి వచ్చిన ప్రశ్న కాదు. దీనికి జవాబు వేలూరులో ఉంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ టి. జేకబ్ జాన్ బృందం 1970ల్లోనే చూపించింది: పాశ్చాత్య దేశాల పిల్లలకు మూడు మోతాదులు సరిపోతే మన పిల్లలకు సరిపోవు. నోటి చుక్కల్లో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. అది పేగులో నాటుకుంటేనే రక్షణ. పేగులో ముందే వేరే క్రిములు తిష్ఠ వేసి ఉంటే అది నాటుకోదు. 2006లో వచ్చిన ఒక అంచనాలో మొదటి రకం వైరస్ మీద ఒక్కో మోతాదు రక్షణ ఉత్తరప్రదేశ్‌లో 9 శాతమే అని తేలింది. కాలవ నీళ్లకూ పేగు జబ్బులకూ ఉన్న సంబంధం డెల్టా తల్లికి మనం నేర్పక్కర్లేదు. విత్తిన ప్రతి గింజా మొలవదు కాబట్టే ఎక్కువ చల్లుతారని రైతు ఇంటి ఆడపడుచుకు చెబితే చాలు. చెప్పకుండా, ప్రభుత్వం వేయమంది వేస్తున్నాం అంటే అనుమానం పుడుతుంది. ఇందులోంచే ఇంకో పొరపాటు: ఆదివారం చుక్కలు పడ్డాయి కదా, ఇక బుధవారం, శనివారం వేసే టీకాలెందుకు అనుకోవడం. పల్స్ పోలియో చుక్కలు అదనం, వాటి బదులు కావు. ఈ ఒక్క ముక్క ఎంత గట్టిగా చెప్పాలో మనం అంత గట్టిగా చెప్పలేదు.

ఇంజెక్షన్ సంగతికి వస్తే నాయనమ్మలు అడ్డుపడతారు. “జ్వరమొస్తే సూది వేయించాం, తెల్లారేసరికి కాలు పడిపోయింది” అనే కథ డెల్టా ఊళ్లలో పాతతరం వాళ్ల దగ్గర వినబడుతుంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం పెద్ద తప్పు. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న బిడ్డకు కండలోకి సూది గుచ్చితే, ఆ కాలికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందన్నది వైద్యానికి తెలిసిన విషయం. పరిశోధకుడు హెచ్. వి. వయట్ మన దేశంలోని అనవసరపు ఇంజెక్షన్ల గురించి ఏళ్ల తరబడి రాసింది దీన్నే. ప్రతి జ్వరానికీ పిరుదు మీద సూది వేసిన రోజుల్లో ఆ ముసలమ్మ చూసినది నిజం, గుర్తుపెట్టుకున్నది నిజం. ఆమెతో మాట అక్కడినుంచి మొదలుపెట్టాలి: “నువ్వు చూసింది నిజమే మామ్మా. అప్పుడు వైరస్ ఊళ్లో ఉంది. ఈ సూది కండలోకి కాదు, చర్మంలోకి, 0.1 మిల్లీలీటరు. అసలు ఆ వైరస్ మళ్లీ రాకుండా వేసేదే ఇది.” ఇలా చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు. సబ్‌సెంటర్‌లో బుధవారం ఉండే రద్దీలో ఏఎన్ఎమ్‌కు ఆ రెండు నిమిషాలు దొరకవు. అది ఆమె తప్పు కాదు, ఆమెకు అప్పగించిన రిజిస్టర్ల బరువు.

ఉన్నవాళ్ల ఇళ్లలో అడ్డంకి మరోలా ఉంటుంది. కానూరు, పోరంకి అపార్టుమెంట్లలో చుక్కల పెట్టె గేటు దగ్గరే ఆగిపోతుంది. మా డాక్టరుగారు ఇంజెక్షన్ వేశారు అంటారు. అది మంచిదే, బిడ్డకు పక్షవాతం రాకుండా కాపాడుతుంది. కానీ పేగులో వైరస్ పెరిగి ఇంకొకరికి అంటడాన్ని ఆపేది నోటి చుక్కలే ఎక్కువ. అమెరికాలో 2000 నుంచి ఇంజెక్షన్ ఒక్కటే వాడుతున్నారు. 2022 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ కౌంటీలో టీకా వేయించుకోని యువకుడికి రెండో రకం పోలియో వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన మనవణ్ని ఇక్కడ సాకుతున్న తాతకు అక్కడ ఏవి పడ్డాయో తెలియదు. కాగితం అమెరికాలో ఉంది. అడిగితే చిన్నతనమని ఆశా కార్యకర్త అడగదు.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పుట్టింటి ఊరి ఆశా, బిడ్డ వెళ్లిన ఊరి ఆశాకు అదే రోజున ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేసినట్టు రిజిస్టరులో ఒక గడి ఉండాలి. చెరకు టోకెన్లు ఇచ్చేచోట ఏ ముఠా ఏ చేలో ఉందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఆ సమాచారం ఆదివారానికి ముందురోజు ఆరోగ్య కేంద్రానికి చేరాలి. చల్లటి పెట్టె గట్టు మీదికి వెళ్లాలి. వెళ్లినప్పుడు సీసా మీది గుండ్రని గుర్తును తల్లికి చూపించాలి: లోపలి చతురస్రం బయటి వలయం కన్నా తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు, ఆ రంగుకు వచ్చేసినా, ఇంకా ముదిరినా పారేయాల్సిందే. దాన్ని ఒకసారి తన కళ్లతో చూసిన తల్లి, మరుసటి ఆదివారం ఆ సీసా తనే అడిగి తీసుకుని చూస్తుంది.