అద్దె కట్టలేని కాలంలో ఎవరిది న్యాయం? గ్లాస్గో నుంచి హైదరాబాద్ దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఇంటి అద్దె గురించి. తెలంగాణలో కిరాయి అంటాం. మాట ఏదైనా ఒకటో తారీఖు మాత్రం అందరికీ ఒకటే.

రోజులు బాగున్నప్పుడు అద్దె గురించి పెద్దగా చర్చ ఉండదు. కట్టేవాళ్లు కడతారు, తీసుకునేవాళ్లు తీసుకుంటారు. యుద్ధమో, మాంద్యమో, మహమ్మారో వచ్చి పనులు ఆగిపోయాయనుకోండి, అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. అద్దెకున్నవాడి దగ్గర డబ్బు లేదు. సరే, పాపం. మరి ఆ అద్దె మీదే బతుకుతున్న ఇంటావిడ సంగతేంటి? ఆ ఇల్లు లోను మీద కట్టింది అయితే, ఆ కిస్తీ సంగతేంటి? కష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు మోయాలి?

ఈ ప్రశ్నకి జవాబు వెతికిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. వాటిల్లో రెండింటిని ఈరోజు కొంచెం వివరంగా చూద్దాం. తర్వాత మన దగ్గరికి వద్దాం.

మొదటిది 1915, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. గ్లాస్గో అంటే ఓడలు కట్టే ఊరు. క్లైడ్ నది ఒడ్డున గోవన్ అనే ప్రాంతం ఉంది, అక్కడంతా షిప్‌యార్డులే. యుద్ధానికి ఓడలు కావాలి, మందుగుండు కావాలి. దాంతో వేలమంది కార్మికులు పని కోసం ఊళ్లోకి వచ్చిపడ్డారు. కొత్త ఇళ్లు కట్టడం మాత్రం దాదాపు ఆగిపోయింది. అప్పటికే ఆ ఊళ్లో ఇరుకు చాలా ఎక్కువ. ఒకే గదిలో కుటుంబం మొత్తం ఉండే ఇళ్లు కొల్లలు. వాటిని 'సింగిల్ ఎండ్' అనేవాళ్లు. అప్పట్లో బ్రిటన్‌లో పది కుటుంబాల్లో తొమ్మిది అద్దె ఇళ్లలోనే ఉండేవని చెబుతారు. అంటే సొంతిల్లు అనేది మామూలు జనానికి ఊహే.

గిరాకీ పెరిగింది కాబట్టి అద్దెలు పెంచారు. కొన్ని చోట్ల పావు వంతు దాకా పెంచారు. మగవాళ్లు చాలామంది యుద్ధంలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఆడవాళ్లు, పిల్లలు. దేశం కోసం భర్త కందకాల్లో ఉంటే, ఇక్కడ భార్యకి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చేది. జనానికి కడుపు మండింది అక్కడే.

గోవన్‌లో మేరీ బార్బర్ అనే ఒక గృహిణి ఉండేది. ఆమె, ఆమెతో పాటు మరికొందరు మహిళలు కలిసి ఇరుగుపొరుగుని కూడగట్టారు. పెంచిన అద్దె కట్టం, ఇల్లు ఖాళీ చెయ్యం అన్నారు. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. వాళ్లు అసలు అద్దే కట్టం అనలేదు. పాత అద్దె కడతాం, పెంపు మాత్రం కట్టం అన్నారు. ఈ తేడా చాలా ముఖ్యం. కిటికీలకి బోర్డులు అంటించారు. ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వస్తున్నాడని తెలిస్తే చాలు, ఒకావిడ గంట మోగించేది. అందరూ పనులు వదిలేసి మెట్ల దగ్గర అడ్డంగా నిలబడేవాళ్లు. అమీనా మీద పిండి చల్లేవాళ్లు, తడిబట్టలు విసిరేవాళ్లు. వీళ్లకి 'మిసెస్ బార్బర్ సైన్యం' అని పేరొచ్చింది. ఆ ఏడాది నవంబర్ నాటికి ఈ సమ్మెలో ఉన్న కుటుంబాలు సుమారు 20,000 అంటారు.

1915 నవంబర్ 17న కొంతమంది కార్మికుల మీద అద్దె బాకీ కేసులు కోర్టుకి వచ్చాయి. ఆరోజు షిప్‌యార్డుల నుంచి, ఫ్యాక్టరీల నుంచి వేలమంది పని ఆపేసి కోర్టు ముందుకి వచ్చేశారు. యుద్ధం మధ్యలో ఓడల పని ఆగితే ప్రభుత్వం తట్టుకోలేదు. ఆ కేసులు ముందుకి సాగలేదు. ఆ తర్వాతి నెల, డిసెంబర్‌లో, పార్లమెంటు చట్టం చేసేసింది. చిన్న ఇళ్ల అద్దెలని 1914 ఆగస్టు నాటి స్థాయి దగ్గర ఆపేశారు.

ఈ కథ మామూలుగా ఇక్కడితో ఆపేస్తారు. పేదలు గెలిచారు, శుభం. కానీ నాకు ఆసక్తిగా అనిపించేది ఆ చట్టం పేరు. అది కేవలం అద్దెల చట్టం కాదు. 'అద్దె, తాకట్టు వడ్డీ పెంపు' చట్టం. తాకట్టు వడ్డీ ఎందుకొచ్చింది ఇందులోకి?

ఎందుకంటే గ్లాస్గోలో ఇంటి యజమానులు అందరూ జమీందారులేమీ కాదు. చాలామంది చిన్నవాళ్లు. ఒక దుకాణదారుడు, ఒక వితంతువు, పొదుపు డబ్బుకి అప్పు కలిపి ఒక బిల్డింగు కొనుక్కున్నవాళ్లు. యుద్ధం వల్ల వడ్డీలు పెరిగాయి. ప్రభుత్వమే యుద్ధ బాండ్ల మీద ఎక్కువ వడ్డీ ఇస్తుంటే, ఇళ్ల మీద అప్పిచ్చినవాళ్లు ఊరుకుంటారా? వడ్డీ పెంచు, లేదంటే నా అసలు నాకు ఇచ్చెయ్ అంటారు. మరి అద్దె పెంచకూడదని యజమాని చేతులు కట్టేసి, అతని మీద వడ్డీ పెంచుకోవచ్చని ఇంకొకడి చేతులు విప్పి వదిలేస్తే ఏమవుతుంది? యజమాని మధ్యలో నలిగిపోతాడు. అందుకే చట్టం రెండు వైపులా తాళం వేసింది. అద్దె పెంచకూడదు. ఆ ఇంటి మీద ఉన్న అప్పుకి వడ్డీ కూడా పెంచకూడదు. వడ్డీ సక్రమంగా కడుతూ, ఇంటిని బాగుచేసుకుంటూ ఉన్నంతకాలం ఆ అప్పుని వెనక్కి ఇమ్మని అడగకూడదు. మునిసిపల్ పన్ను పెరిగితే మాత్రం ఆ మేరకి అద్దెలో కలుపుకోవచ్చు.

అంటే ఆ చట్టం రాసినవాళ్లకి ఒక విషయం అర్థమైంది. అద్దె అనేది ఇద్దరి మధ్య గొడవ కాదు, అదొక గొలుసు. ఒక కొస అద్దెకున్నవాడు, మధ్యలో యజమాని, ఇంకో కొస అప్పిచ్చినవాడు.

ఇప్పుడు రెండో కథకి వద్దాం. ఈసారి అమెరికా, మహామాంద్యం రోజులు. మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ నగరం. అక్కడ బ్లైస్‌డెల్ అనే దంపతులకి 14 గదుల ఇల్లు ఉంది. మూడు గదుల్లో వాళ్లు ఉంటూ, మిగతా 11 గదులూ అద్దెకి ఇచ్చేవాళ్లు. చూడండి, ఒకే మనుషులు, ఇంటి యజమానులూ వాళ్లే, అద్దెల మీద ఆధారపడినవాళ్లూ వాళ్లే, అప్పు ఉన్నవాళ్లూ వాళ్లే. మాంద్యంలో కిస్తీ కట్టలేకపోయారు. 1932 మేలో ఇల్లు వేలానికి వచ్చింది. అప్పిచ్చిన సంస్థే సుమారు 3,700 డాలర్లకి పాడుకుంది. అక్కడి చట్టం ప్రకారం ఏడాదిలోపు ఆ డబ్బు కడితే ఇల్లు విడిపించుకోవచ్చు. కానీ 1933లో అంత డబ్బు ఎక్కడ పుడుతుంది?

అది ఒక్కళ్ల కథ కాదు. 1933లో అమెరికా మొత్తం మీద రోజుకి దాదాపు వెయ్యి ఇళ్లు జప్తుకి వచ్చేవి. పల్లెల్లో రైతులు వేలంపాటలకి గుంపులుగా వెళ్లి, ఎవర్నీ పాడనివ్వకుండా, తామే పైసలకి పాడి, ఆస్తిని మళ్లీ ఆ రైతుకే ఇచ్చేసేవాళ్లు. పరిస్థితి అంత ఉద్రిక్తంగా ఉంది.

1933 ఏప్రిల్‌లో మిన్నెసోటా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఇల్లు విడిపించుకునే గడువుని కోర్టు పొడిగించవచ్చు. బ్లైస్‌డెల్ దంపతులకి 1935 మే 1 దాకా గడువు వచ్చింది. అయితే ఊరికే రాలేదు. ఆ ఇంటికి న్యాయంగా ఎంత అద్దె వస్తుందో కోర్టు లెక్కగట్టింది. నెలకి 40 డాలర్లు. ఆ సొమ్ము మీరు నెలనెలా కట్టాలి, అది పన్నులకి, బీమాకి, వడ్డీకి, అసలుకి పోతుంది అంది. సొంత ఇంట్లో అద్దెకున్నట్టు అన్నమాట.

అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోలేదు. ఒప్పందాలని దెబ్బతీసే చట్టం ఏ రాష్ట్రమూ చెయ్యకూడదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది కదా అని సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1934 జనవరి 8న తీర్పు వచ్చింది. 5-4. ఒక్క ఓటు తేడా. ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ ఆ చట్టం చెల్లుతుందన్నారు. ఆయన చూపించిన కారణాలు మనకి ఇవాళ్టికీ పనికొస్తాయి. నిజంగానే అత్యవసర పరిస్థితి ఉంది. చట్టం ఒక వర్గం కోసం కాదు, సమాజం మొత్తం కోసం. షరతులు సబబుగా ఉన్నాయి, అప్పు రద్దు కాలేదు, అప్పిచ్చినవాడికి నెలనెలా కొంత అందుతోంది. పైగా చట్టానికి గడువు తేదీ ఉంది.

వ్యతిరేకించిన నలుగురిది కూడా పిచ్చి వాదనేం కాదు. జస్టిస్ సదర్లాండ్ అడిగింది ఏంటంటే, అసలు ఆ నిబంధన రాజ్యాంగంలో పెట్టిందే కష్టకాలంలో ఇలాంటి చట్టాలు రాకుండా ఉండటానికి కదా, మరి కష్టకాలం వచ్చిందని దాన్నే పక్కన పెడితే ఎలా అని. ఆలోచించాల్సిన మాటే. ఎందుకంటే రేపు ఇల్లు కట్టుకోవడానికి ఇంకొకరికి అప్పు పుట్టాలంటే, ఇచ్చినవాడికి తిరిగొస్తుందన్న నమ్మకం ఉండాలి.

1933లోనే అమెరికా ప్రభుత్వం ఇంటి అప్పుల కోసం ఒక ప్రత్యేక సంస్థ పెట్టింది. బ్యాంకుల దగ్గరున్న పాత అప్పులు తను తీసుకుని, బదులుగా వాళ్లకి బాండ్లు ఇచ్చింది. ఇంటివాళ్లకి తక్కువ వడ్డీతో 15 ఏళ్ల గడువిచ్చింది. సుమారు 10 లక్షల కుటుంబాలకి ఇలా ఊపిరి అందింది. అయినా దాదాపు 2 లక్షల ఇళ్లు చివరికి పోయాయి. 1951లో ఆ సంస్థని మూసేసే నాటికి ప్రభుత్వానికి నష్టం కూడా రాలేదు.

కానీ ఇందులో ఒక లోటు ఉంది. ఈ సాయమంతా ఇల్లున్నవాళ్లకే. అద్దెకున్నవాళ్ల సామాన్లు రోడ్డు మీద పడుతూనే ఉన్నాయి. 1931 ఆగస్టులో షికాగోలో ఒక ఇల్లు ఖాళీ చేయించడాన్ని అడ్డుకున్నప్పుడు పోలీసు కాల్పుల్లో ముగ్గురు నల్లజాతీయులు చనిపోయారు. గ్లాస్గో చట్టం గొలుసు మొత్తం చూసింది. ఇక్కడ గొలుసులో ఒక కొస వదిలేశారు.

సరే, మరి మన సంగతి? 2020 లాక్‌డౌన్ గుర్తుంది కదా. మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ కిస్తీల మీద మారటోరియం ప్రకటించింది. ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా. మార్చి 29న కేంద్ర హోంశాఖ, వలస కార్మికులతో సహా కార్మికుల దగ్గర ఒక నెల అద్దె అడగొద్దని ఆదేశించింది. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల కిరాయి వసూలు వాయిదా వెయ్యమని ఇంటి ఓనర్లకి చెప్పింది. పైకి చూస్తే రెండు కొసలూ పట్టుకున్నట్టే ఉంది.

కానీ తేడా చూడండి. మారటోరియంలో కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 మార్చి 23న కోర్టు, మారటోరియం కాలానికి వడ్డీ మీద వడ్డీ వెయ్యొద్దంది. అసలు వడ్డీ మొత్తం మాఫీ చెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే బ్యాంకులు డిపాజిటర్లకి వడ్డీ కట్టాలి కదా. చూశారా, గొలుసు ఇంకా పొడుగైంది. చివర్లో ఉన్నది పెద్ద బ్యాంకు అనుకుంటాం. దాని వెనకాల పింఛను డబ్బు ఎఫ్‌డీ వేసుకున్న రిటైర్డ్ మాస్టారు ఉంటాడు.

అద్దెల వైపు ఆదేశం ఉంది గానీ లెక్క లేదు. హైదరాబాద్‌లో హాస్టల్ నడిపేవాళ్లనే తీసుకోండి. చాలామంది బిల్డింగు లీజుకి తీసుకుని నడుపుతారు. పిల్లలు ఊళ్లకి వెళ్లిపోయారు. పైన ఓనరుకి కట్టాలి, కింద నుంచి వచ్చేది సున్నా. వాళ్ల సంగతి తేల్చే కోర్టు గానీ, నెలకి ఇంత అని చెప్పే లెక్క గానీ లేవు. ఎవరి మంచితనం మీద వాళ్లు ఆధారపడ్డారు. మంచి ఓనర్లు చాలామంది వదిలేశారు, అది నిజం. కానీ న్యాయం ఓనరు మంచితనం మీద ఆధారపడితే, అది అదృష్టం అవుతుంది గానీ న్యాయం అవ్వదు.

ఇంకో ప్రమాదం కూడా చెప్పుకోవాలి. కష్టకాలం చట్టాలు కష్టం పోయాక కూడా పోవు. బొంబాయిలో 1947 చట్టం పాత ఇళ్ల అద్దెలని 1940 నాటి స్థాయి దగ్గర కట్టేసింది. దశాబ్దాలు గడిచాయి. రిపేరు ఖర్చుకి కూడా అద్దె చాలక బిల్డింగులు పాడుబడ్డాయి. చివరికి 1997లో సుప్రీంకోర్టు, కాలం గడిచాక ఇది న్యాయంగా లేదని చెప్పాల్సొచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ 1960 అద్దె నియంత్రణ చట్టంలో దీనికి తిరగేసిన కథ ఉంది. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకి ప్రోత్సాహంగా, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన వాటికి చట్టం వర్తించదన్నారు. పాతికేళ్లు దాటినా అవి కొత్త ఇళ్లే! 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసింది. ఒకచోట అద్దెకున్నవాడికిచ్చిన రక్షణ పాతబడింది, ఇంకోచోట ఓనరుకిచ్చిన మినహాయింపు పాతబడింది. కోర్టు రెండుచోట్లా చెప్పింది ఒకటే. ఏ రోజు కోసం ఇచ్చారో ఆ రోజు గడిచిపోయింది.

కాబట్టి వచ్చే కష్టకాలంలో ఏదైనా ప్రభుత్వం అద్దెల గురించి ఆదేశం ఇస్తే, మనం మూడు ప్రశ్నలు అడగాలి. గొలుసు మొత్తం చూశారా, లేక ఒక కొస మాత్రమేనా? కట్టగలిగినంత కట్టే ఏర్పాటు ఉందా? దీనికి గడువు తేదీ ఏది?

మేరీ బార్బర్ తర్వాత 1920లో గ్లాస్గో నగరపాలక సభకి ఎన్నికైంది. 2018లో గోవన్‌లో ఆమె విగ్రహం పెట్టారు. గెలిచిన ఆ సమ్మెలో ఆమె అడిగింది ఉచితం కాదు, పాత అద్దె. అది మర్చిపోవద్దు.

మీ ఇంట్లో, మీ వీధిలో లాక్‌డౌన్ అప్పుడు అద్దెల సంగతి ఎలా తేల్చుకున్నారో కింద రాయండి. ఓనర్లు కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.